ఖాళీ మేకుల కక్ష

కిల్‌బెక్‌లో ఎనోక్ ఆల్డర్సన్ కట్టిన గోడ కూలగా చూసిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. సున్నం ఉండదు, సిమెంటు ఉండదు. రాయి మీద రాయి, ఆ రాయికి ఇంకో రాయి ఆసరా, అంతే. ఒకసారి ఒక ఆంబోతు పరుగున వచ్చి అతని గోడను కుమ్మితే గోడ కదల్లేదు గానీ, ఆంబోతు మర్నాటి నుంచి పాలివ్వడం మొదలుపెట్టిందని ఎదురుకొండ మీది మోర్‌సైడ్ వాళ్ళు కూడా ఒప్పుకుంటారు. మా ఊరి గురించి మోర్‌సైడ్ వాళ్ళు ఒక మంచి మాట ఒప్పుకున్నారంటే అది నిజమై ఉండాలి మరి.

కోపాన్ని కూడా అదే పద్ధతిలో కట్టేవాడు ఎనోక్. అరవడు, తిట్టడు, తాగొచ్చి తలుపులు తన్నడు. ఒక రాయి తెచ్చి పెడతాడు. మర్నాడు ఇంకోటి. యుద్ధానికి ముందు తనకు చిల్లు గొడుగు అమ్మిన దుకాణం ముందు నడవాల్సి వస్తుందని, యుద్ధం ముగిసి రాజుగారి పటం మారిపోయే రోజులొచ్చినా, వాగులోంచి మోకాళ్ళ దాకా తడుస్తూ చర్చికి వెళ్ళేవాడు. అలాంటి మనిషికి సొంత బావమరిది ద్రోహం చేశాడు. అదీ తొంభై తొమ్మిది పరుగుల దగ్గర.

మాలాంటి చిన్న క్లబ్బులకు అంపైర్లను తెచ్చుకునే తాహతు లేదు. ఏ జట్టు బ్యాటింగ్ చేస్తుంటే ఆ జట్టులోంచే ఔటైనవాడో, వంతు రానివాడో తెల్లకోటు తొడుక్కుని వెళ్ళి నిలబడతాడు. అంటే నువ్వు ఔటని చెప్పాల్సినవాడు నీవాడే. అందుకని యార్క్‌షైర్‌లో ఈ లోయ పొడుగునా ఒక మర్యాద ఉంది. స్టంపులు గాల్లోకి లేచాయా, సరే. క్యాచ్ అందరి కళ్ళముందూ పట్టారా, సరే. బంతి కాలికి తగిలి అవతలివాళ్ళు ‘హౌజాట్’ అని గొంతులు చించుకున్నారనుకోండి, అంపైరు ఒకసారి మబ్బుల కేసి చూస్తాడు, ఒకసారి గొర్రెల కేసి చూస్తాడు, “కాస్త పక్కకి పోతోందిలే” అంటాడు. అవతలివాళ్ళూ నొచ్చుకోరు. తమ వంతు వచ్చినప్పుడు తమ బంతులూ కాస్త పక్కకే పోతాయని వాళ్ళకు తెలుసు.

ఇంకొక సంగతి. మైదానం పక్కనే ఉన్న ‘నల్ల పొట్టేలు’ పబ్బులో, బీరు పీపాల పైన, రెండు మేకుల మీద ఒక బ్యాటు పడుకుని ఉంటుంది. క్లబ్బు తరఫున నూరు కొట్టినవాడి బ్యాటు అక్కడికి చేరుతుంది. మా మైదానం అసలు మైదానం కాదు, కొండవాలు. కింది అంచున నిలబడ్డవాడికి బ్యాట్స్‌మన్ టోపీ తప్ప ఇంకేమీ కనబడదు. అలాంటిచోట నూరు కొట్టినవాడు ఒక్కడే, ఆమోస్ ఫాసెట్. వడ్రంగి. ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ ఉయ్యాల, పోయిన ప్రతివాడికీ పెట్టె అతని చేతిమీదుగానే. అతని చెల్లెలు ఎడిత్‌ని ఎనోక్ చేసుకున్నాడు.

పోయిన సెప్టెంబరులో, సీజను ఆఖరి ఆటలో, ఆ కొండవాలు మీద ఎనోక్ పాతుకుపోయాడు. ఆమోస్ ముందే ఔటై, కోటు తొడుక్కుని అంపైరుగా నిలబడ్డాడు. ఎనోక్ తొంభై దాటాక పబ్బు యజమాని, మా కెప్టెన్ కూడా అయిన గిల్బర్ట్ హార్కర్ ఆగలేకపోయాడు. సుత్తి తీసుకుని లోపలికి పరిగెత్తి, ఆమోస్ బ్యాటు పక్కన కొత్తగా రెండు మేకులు దిగ్గొట్టాడు. ఆ చప్పుడు మైదానం అంతా వినబడింది. ఆమోస్‌కి మరీ బాగా వినబడింది. స్కోరు పలక మీద తొంభై తొమ్మిది పెట్టడానికి క్లబ్బు దగ్గర ఉన్నది ఒకే తొమ్మిది అంకె రేకు కావడంతో, ఆరు రేకును తలకిందులుగా తగిలించారు.

తర్వాతి బంతి ఎనోక్ కాలికి తగిలింది. అవతలివాళ్ళు అలవాటుగా అరిచారు. ఆమోస్ మబ్బుల కేసి చూడలేదు. గొర్రెల కేసి చూడలేదు. వేలెత్తాడు.

ఎనోక్ కదల్లేదు. “ఆమోస్, నీ వేలికేమైంది?”

“ఔటైంది.”

“నేను నీ చెల్లెలి మొగుణ్ణి.”

“అందుకే నెమ్మదిగా ఎత్తాను.”

ఆ బంతి తిన్నగా మధ్య స్టంపు మీదికే పోతోంది. ఆ విషయంలో లోయలో ఎవరికీ అనుమానం లేదు, ఎనోక్‌కీ లేదు. అది కాదు సంగతి. ఔటైనవాణ్ణి ఔటనడానికి సొంత మనిషి ఎందుకు? ఆ పని పరాయివాళ్ళు చెయ్యరూ?

ఆ రెండు మేకులూ ఖాళీగా ఉండిపోయాయి. పీకేస్తే గోడ పెచ్చులూడుతుందని గిల్బర్ట్ అలాగే వదిలేశాడు. ఆమోస్ ఊరుకున్నా ఎనోక్ ఒకనాటికి మరిచిపోయేవాడేమో, ఏమో, నాకు నమ్మకం లేదనుకోండి. కానీ ఆమోస్ ఊరుకోలేదు. ప్రతి శనివారం పబ్బులోకి రాగానే తన టోపీ తీసి ఆ ఖాళీ మేకుకు తగిలించేవాడు. “మంచి మేకు, పాపం వృథాగా పోతోంది” అనేవాడు, అందరికీ వినబడేలా. చలికాలమంతా ఆ టోపీ ఎదురుగా కూర్చునే ఎనోక్ బీరు తాగాడు. ఒక్కో శనివారం ఒక్కో రాయి.

ఏప్రిల్‌లో క్లబ్బు మీటింగు పబ్బులోనే పెట్టారు. ఆమోస్ లేచి తన మోకాళ్ళ గురించి పెద్ద ప్రసంగం చేశాడు. ఇదే తన ఆఖరి సీజను, దీని తర్వాత పచ్చిక మీద నున్నటి బంతులు దొర్లించుకునే ముసలాళ్ళతో చేరిపోతానన్నాడు. అందరూ అయ్యో అన్నారు. చివర్లో ఎనోక్ చెయ్యెత్తాడు.

“గిల్బర్ట్, ఈ ఏడు నేను మొదట దిగను. పదకొండోవాడిగా వెయ్యి.”

గిల్బర్ట్ నోరు తెరిచాడు. “నీకు జ్వరంగానీ వచ్చిందేంటి? నూరు కొట్టాలని లేదా నీకు?”

“అందరూ బ్యాటింగ్ మీద పడితే ఎలా? కోటు తొడుక్కునేవాడు ఒకడుండాలిగా. ఆమోస్ ఆఖరి సీజను. దగ్గర నిలబడి కళ్ళారా చూసుకుంటాను.”

“ఎంత మంచి మనసయ్యా!” అన్నారెవరో. ఆమోస్‌కి మాత్రం బీరు కొరబోయింది. వీపు మీద ఎంత చరిచినా దగ్గు ఆగలేదు.

ఇంటికొచ్చాక ఎడిత్ బంగాళాదుంపలు తొక్క తీస్తూనే అడిగింది, “మా అన్నని ఔట్ చెయ్యడానికి నీ నూరు వదులుకుంటావా?”

“వదులుకుంటా.”

“నీకు పిచ్చి.”

“అది మీ ఇంటి నుంచి కట్నంగా తెచ్చుకోలేదులే, నా సొంతం.”

“సరే. వాడేదో చేశాడని నువ్వూ దొంగ ఔటిస్తావా?”

ఎనోక్ బూటు విప్పుతున్నవాడల్లా ఆగాడు. “దొంగ ఔటా? నాకిచ్చింది నిఖార్సైన ఔటు. అలాంటిదే తిరిగివ్వాలి. బంతి కాలికి తగలాలి, మధ్య స్టంపుకి ఎదురుగా ఉండాలి, వాళ్ళు అడగాలి, నేను వేలెత్తాలి. అందులో ఒక్కటి తగ్గినా నాకు నిద్రపట్టదు.”

“ఇప్పుడు పడుతోందా ఏంటి? పళ్ళు కొరుకుతుంటే నాకే పట్టట్లేదు” అంది ఎడిత్.

ఈ లోయలో ఏప్రిల్ అంటే సగం మంచు, సగం వాన. మొదటి ఆట రోజున స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, వాటి మీద తెల్లకోటు బిగించుకుని, ఎనోక్ వికెట్ల వెనక గూటం దిగ్గొట్టినట్టు నిలబడ్డాడు. మొదటి బంతికే ఆమోస్ స్టంపు ఎగిరి పడింది. ఇంక అంపైరుతో పనేముంది? ఎనోక్ ముఖం మాడిపోయింది. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయంటారు. “బావమరిది సున్నాకి పోతే ఎంత బాధపడుతున్నాడో చూడు. రాజీపడిపోయాడు పాపం” అని జట్టంతా మురిసిపోయింది.

మురిసిపోనివాడు ఆమోస్ ఒక్కడే. వెళ్తూ వెళ్తూ కోటు పక్కన ఆగాడు.

“ఏమోయ్, ఏడుస్తున్నావా?”

“గాలికి. పోయి కూర్చో. వేసవి చాలా ఉంది.”

ఆ సాయంత్రం నుంచి ఆమోస్‌లో మార్పొచ్చింది. కాలికి బంతి తగిలితే చాలు, కొండదిగువ నిలబడ్డ కొంగలా కాచుకుని ఉన్నాడు ఎనోక్. కాబట్టి కాలికి బంతి తగలకూడదు. వర్క్‌షాపులో ఒక పెట్టె మూతను నిలువుగా ఆనించి, దాని ముందు బ్యాటు పట్టుకుని నిలబడి, పనివాడి చేత చెక్కముక్కలు విసిరించుకోవడం మొదలుపెట్టాడు. వచ్చింది వచ్చినట్టు బ్యాటుతోనే అడ్డుకోవాలి, కాలు పక్కకి లాగేసుకోవాలి. ఆ మూత కింద పడుకోవాల్సిన ముసలాయన అంత్యక్రియలు ఒకరోజు ఆలస్యమయ్యాయని అంటారు. ఆయన పెద్దగా పట్టించుకోలేదట.

మే నెలంతా వాన మింగేసింది. మైదానంలో బాతులు తప్ప ఎవరూ ఆడలేదు. జూన్ వచ్చేసరికి ఆమోస్ వేరే మనిషైపోయాడు. ముప్పై ఏళ్ళుగా బంతిని చూసి కాలు అడ్డం పెట్టి బతికినవాడు, ఇప్పుడు కాలు దాచుకుని బ్యాటుతో బతకడం నేర్చుకున్నాడు. మొదట నలభై కొట్టాడు. తర్వాత అరవై. ఒకసారి కొట్టిన దెబ్బకు బంతి రైలుకట్ట మీదికి పోయి, అప్పుడే వెళ్తున్న బొగ్గు పెట్టెలో పడి, కార్లైల్ దాకా టిక్కెట్టు లేకుండా ప్రయాణం చేసింది. పోస్టులో తిరిగొచ్చింది. బోర్డు మీద మాత్రం ఆరే వేశారు.

ఇదంతా చేసింది ఎవరు? ఎనోక్. పరుగులు ఎవరికి? ఆమోస్‌కి. టీ వేళ మోర్‌సైడ్ పేపరు తెరిచి ఎవరైనా “వడ్రంగి ఫాసెట్ ముసలితనంలో మళ్ళీ చిగురించాడు” అని చదివితే, ఎనోక్ చేతిలోని బన్ను నలిగి పిండైపోయేది. రేషన్ రోజులు. ఎడిత్ వెన్న కూడబెట్టి చేసిన బన్నులవి. “ఆ కసి ఏదో రాళ్ళ మీద చూపించు, నా బన్నుల మీద కాదు” అనేది.

తనకు మాత్రం పదకొండోవాడిగా బ్యాటు పట్టే వంతే వచ్చేది కాదు. వచ్చినా రెండు బంతులు. లోయలో అందరికంటే గట్టిగా పాతుకోగలిగినవాడు, ఆ ఎండాకాలమంతా కోటు జేబులో చెయ్యి పెట్టుకుని, ఇంకొకడు పరుగులు తీస్తుంటే లెక్కపెట్టాడు. జేబులో ఆ వేలు దానంతటదే లేస్తూ దిగుతూ ఉండేది.

జూలైలో ఒకరోజు అదను వచ్చినట్టే వచ్చింది. బంతి ఆమోస్ మోకాలికి తగిలింది. ఫీల్డర్లంతా అరిచారు. ఎనోక్ చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది, మోచేయి లేచింది. అంతలో ఆగిపోయింది. ముందు బ్యాటుకి తగిలి ఆ తర్వాత కాలికి తగిలిన చప్పుడు అతని చెవికి స్పష్టంగా వినబడింది.

“నాటౌట్” అన్నాడు, పన్ను పీకించుకుంటున్నవాడిలా.

ఓవరయ్యాక ఆమోస్ పక్కనుంచి వెళ్తూ నవ్వాడు. “థాంక్స్ ఎనోక్. నిజాయితీపరుడివి.”

“అదే నా ఖర్మ” అన్నాడు ఎనోక్.

ఆగస్టు చివరికి కిల్‌బెక్, మోర్‌సైడ్ రెండూ సమానంగా నిలబడ్డాయి. ఆఖరి ఆట రెంటి మధ్యా, మా కొండవాలు మీద. గెలిచినవాళ్ళకే కప్పు. సమానమైతే కిందటేడు ఎవరి దగ్గరుందో వాళ్ళదే. అంటే మోర్‌సైడ్‌ది. యుద్ధానికి ముందు నుంచీ అది వాళ్ళ బీరువాలోనే ఉంది, మధ్యమధ్య తీసి మాకు చూపించి మళ్ళీ పెట్టుకుంటారు. ఆ రోజు పబ్బు మూసేశారు. పాలు పితకడం వాయిదా వేశారు. ఆవులు కూడా గోడ మీదుగా తలలు పెట్టి చూశాయి.

మోర్‌సైడ్ వాళ్ళు ముందు ఆడి మంచి స్కోరే చేశారు. టీ తర్వాత మావాళ్ళు దిగారు. ఒకవైపు వరసగా కూలిపోతుంటే, రెండోవైపు ఆమోస్ గడ్డి మొలిచినట్టు నిలబడ్డాడు. అతనికి తోడెవరూ లేరు, బ్యాటు తప్ప. ఎనిమిది వికెట్లు పడ్డాయి. పలక మీద ఆమోస్ పేరు పక్కన ఒక తొమ్మిది, ఒక తలకిందుల ఆరు. జట్టు స్కోరు మోర్‌సైడ్ స్కోరుతో సరిసమానం. ఒక్క పరుగు. ఆ ఒక్క పరుగుతో కప్పు మాది, నూరు ఆమోస్‌ది. ఆ ఖాళీ మేకుల మీద పడుకోబోయేది ఆమోస్ రెండో బ్యాటు.

బంతి మోర్‌సైడ్ కెప్టెన్ సైలాస్ మెట్‌కాఫ్ చేతిలో ఉంది. కమ్మరి. మనిషి కొలిమిలోంచి తీసినట్టుంటాడు. ఆ వారమే కొత్తగా కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు. దున్నపోతులా పరిగెత్తుకొచ్చి, ఒక్క హుంకారంతో బంతి వదిలాడు. బంతితో పాటు పైవరస పళ్ళు కూడా వదిలాయి.

బంతి ఒకవైపు, పళ్ళు ఒకవైపు. ఆమోస్ కళ్ళు ఏ వైపు పోవాలో తేల్చుకోలేకపోయాయి. బంతి పోయి అతని ముందుకాలికి తగిలింది. మధ్య స్టంపుకి ఎదురుగా. బ్యాటుకి తగల్లేదు. పక్కకి పోవట్లేదు. కిందటేడు ఎనోక్‌కి తగిలినచోటే, అదే ఎత్తున, అచ్చు గుద్దినట్టు.

ఆమోస్ కళ్ళు మూసుకున్నాడు.

ఎనోక్ చెయ్యి జేబులోంచి వచ్చేసింది. ఇంక వాళ్ళు అడగడమే తరువాయి. ఆట చట్టం అది. అడగందే అంపైరు ఔటివ్వడానికి లేదు, కళ్ళముందు హత్య జరిగినా సరే.

ఎవరూ అడగలేదు. సైలాస్ రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడ్డాడు. కీపరు పిచ్ మీద తనకేసి చూసి ఇకిలిస్తున్న పళ్ళవరసను చూస్తూ రాయైపోయాడు. స్లిప్‌లో ఇద్దరు ఒకరినొకరు పట్టుకుని నవ్వలేక దొర్లుతున్నారు.

“అడగండ్రా” అని గొణిగాడు ఎనోక్.

ఆమోస్ ఒక కన్ను తెరిచాడు. చుట్టూ చూశాడు. రెండో కన్నూ తెరిచాడు. అతని ముఖం మీద మెల్లగా ఒక చిరునవ్వు, కిందటి చలికాలమంతా టోపీ తగిలించేటప్పటి చిరునవ్వు, మొలకెత్తింది.

ఆ నవ్వే ఎనోక్ కొంప ముంచింది. కిల్‌బెక్ చెట్లమీది కాకులన్నీ ఒక్కసారిగా లేచిపోయేలా, అంపైరు కోటులోంచే, గొంతు చించుకుని అరిచాడు.

“హౌజాట్!”

ఆ ఊపులోనే తనకు తనే జవాబిచ్చుకున్నాడు. “ఔట్!”

వేలు ఆకాశంలోకి లేచింది. పన్నెండు నెలల పాటు జేబులో మగ్గిన వేలు. చూడాల్సిన దృశ్యం.

మైదానంలో గాలి ఆగిపోయింది. ఆవులు నెమరు ఆపేశాయి. సైలాస్ వంగి పళ్ళు తీసుకుని, ప్యాంటుకి తుడుచుకుని, నోట్లో పెట్టుకుని, ఒకసారి కొరికి సరిచూసుకుని, అప్పుడు చాలా మర్యాదగా అన్నాడు:

“అయ్యా అంపైరుగారూ, మేం అడగలేదు.”

“నేను అడిగాను!”

“అడిగేదీ నువ్వే, చెప్పేదీ నువ్వేనా? మరి బౌలింగ్ కూడా నువ్వే చేసుకో, మేం ఇంటికి పోయి టీ తాగుతాం.”

“అది ఔటా కాదా, నీ గుండె మీద చెయ్యేసుకుని చెప్పు సైలాస్!”

“శుద్ధమైన ఔటు. కానీ అడగలేదుగా. మావాళ్ళందరూ నా పళ్ళు చూస్తున్నారు. ఆమోస్, ఆడుకోవయ్యా, నీదే.”

గిల్బర్ట్ పబ్బువైపు నుంచి బుసలు కొడుతూ వచ్చాడు. ఎనోక్ ఒంటి మీది కోటు గుండీ గుండీ విప్పి, తనే తొడుక్కున్నాడు. “ఎనభై ఏళ్ళ క్లబ్బు. అంపైరు హౌజాట్ అని అరిచిన క్లబ్బు ఇంగ్లండులో మనదొక్కటే ఉంటుంది. పో. పోయి కూర్చో.”

ఎనోక్ తలవంచుకుని బయటికి నడిచాడు. కూర్చోలేదు గానీ. ఎందుకంటే ఆ బంతితో సైలాస్ ఓవరు అయిపోయి, అవతలివైపు నుంచి మొదలైన ఓవర్‌లో మా తొమ్మిదో వికెట్టు పడిపోయింది. రొట్టెలు కాల్చే పెర్సీ కళ్ళు మూసుకుని బ్యాటు ఊపాడు, స్టంపులు మూడూ మూడు దిక్కులకు పోయాయి. సరిగ్గా ఆ ఓవరు ఆఖరి బంతికి. ఇంకొకడు మిగిలాడు. పదకొండోవాడు.

ఎడిత్ టీ పాత్ర వదిలేసి వచ్చి, మొగుడి కాళ్ళకు ప్యాడ్లు బిగించింది, రక్తం ఆగిపోయేంత గట్టిగా.

“వింటున్నావా? ఓవరు మారింది. బంతికి ఎదురుగా ఉండేది అన్నయ్య. నువ్వు బంతి ముట్టుకునే పనికూడా లేదు. వాడు పిలుస్తాడు. నువ్వు పరిగెత్తు. ఒక్కసారి. అంతే. ఈ ఊళ్ళో పుట్టి ఆ కప్పు ముట్టుకోకుండా పోయినవాళ్ళు స్మశానం నిండా ఉన్నారు.”

“వాళ్ళ పెట్టెలన్నీ మీ అన్నే చేశాడుగా” అన్నాడు ఎనోక్.

“ఎనోక్!”

“విన్నాను.”

మధ్యలో ఇద్దరూ కలుసుకున్నారు. ఆమోస్ చెమటలో తడిసి ఉన్నాడు. మోకాళ్ళు నిజంగానే వణుకుతున్నాయి.

“కిందటేడు నీ బంతి. నిజం చెప్పు, ఔటేగా?”

“ఔటే.”

“మరి ఏడాది పొడుగునా ఎందుకయ్యా నన్నిలా కాల్చుకు తిన్నావు?”

“పరాయివాడిచ్చుంటే మరిచిపోయేవాణ్ణి.”

ఆమోస్ బ్యాటు అంచుతో పిచ్ మీది మట్టి గీకాడు. “ఆ మేకులు కొట్టే చప్పుడు వినబడింది నాకు” అన్నాడు నెమ్మదిగా. “నా బ్యాటు ఒక్కటే ఉంటే బాగుండుననిపించింది. చాలా? ఇప్పుడు ఊరికోసం పరిగెత్తు. పిలిస్తే రా.”

“పిలువు” అన్నాడు ఎనోక్.

సైలాస్ ఈసారి పళ్ళు తీసి జేబులో పెట్టుకుని మరీ పరిగెత్తుకొచ్చాడు. ఆమోస్ తొందరపడలేదు. బంతిని మెత్తగా పక్కకి నెట్టాడు. అది గడ్డిలో దొర్లుకుంటూ, ఎవరూ లేనిచోటికి, వాలు వెంట నెమ్మదిగా పోయింది. మా ఊరి పాస్టరమ్మ కర్రపట్టుకుని నడిచినా వచ్చే పరుగు అది.

“రా!” అని అరిచాడు ఆమోస్.

“వస్తున్నా! రా, రా!” అని అరిచాడు ఎనోక్, మూడడుగులు ముందుకు ఉరికాడు కూడా.

ఆమోస్ తల వంచుకుని, పాడు మోకాళ్ళను ఈడ్చుకుంటూ పరిగెత్తాడు. పిచ్‌లో సగం దాటాడు. ముప్పావు దాటాడు. అప్పుడు తలెత్తి చూస్తే ఎనోక్ ఎదురు రావట్లేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. తన గీత లోపల బ్యాటు ఆనించి, దాని మీద రెండు చేతులూ వేసి, పూర్తయిన గోడను చూసుకుంటున్న మేస్త్రీలా నిలబడ్డాడు.

వెనక్కి వెళ్ళే ఓపిక ఆమోస్‌కి లేదు. నడుచుకుంటూ వచ్చి ఎనోక్ పక్కనే ఆగాడు. ఇద్దరు బ్యాట్స్‌మన్లు ఒకే గీత దగ్గర. అవతల గీత ఖాళీ. మోర్‌సైడ్ ఫీల్డరు తాపీగా బంతి తెచ్చి కీపరుకిచ్చాడు. కీపరు స్టంపుల మీది పుల్లలు పడగొట్టాడు. ఈసారి పదకొండుమందీ అడిగారు. ఎదురుకొండ దాకా వినబడేలా అడిగారు. గీత వదిలొచ్చినవాడు ఆమోస్. ఔటు ఆమోస్. తొంభై తొమ్మిది.

“చూశావా,” అన్నాడు ఎనోక్ చాలా మృదువుగా, “వేలు కూడా అక్కర్లేకపోయింది.”

కప్పు మోర్‌సైడ్ వాళ్ళతో వెనక్కి పోయింది. పలక మీది తొమ్మిదినీ తలకిందుల ఆరునీ ఆ సాయంత్రం ఎవరూ తియ్యలేదు. తియ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఎనోక్ మాత్రం కోటు గిల్బర్ట్ దగ్గర నుంచి అడిగి తీసుకుని, మడతపెట్టి, పబ్బులోకి వెళ్ళి, ఆ ఖాళీ మేకుకి తన టోపీ తగిలించాడు. ఒక్కసారే. మంచి మేకు.

చలికాలం వచ్చింది. ఎనోక్ పబ్బులో అడుగు పెట్టగానే పీపాలన్నీ ఖాళీ అయిపోయేవి. అతను బయటికి పోగానే మళ్ళీ నిండేవి. ఎడిత్ రోజూ చల్లబడిన బంగాళాదుంపలు పెట్టి, పక్క కుర్చీలో కూర్చుని అన్నకు మేజోళ్ళు అల్లేది. వీధిలో పాస్టరమ్మ కూడా తల తిప్పుకునేది. ఎనోక్ మాత్రం మంచులో గోడ కడుతూ ఈల వేసేవాడు. అలాంటి రుచైన బంగాళాదుంపలు జన్మలో తినలేదన్నాడు.

ఒకరోజు పై పొలంలో వంగి రాయి సర్దుతుంటే, వెనక ఎవరో నడిచిన చప్పుడు. ఆమోస్. చేతిలో కొలతపట్టీ. ఎనోక్ పాదాల దగ్గర్నుంచి తలదాకా పట్టీ చాపి చూస్తున్నాడు.

“ఏం చేస్తున్నావు?”

“కొలుస్తున్నా. ముందే తెలిస్తే మంచి చెక్క చూసి పక్కన పెట్టుకోవచ్చుగా. కాస్త ఇరుగ్గానే చేస్తాలే, నీకు కదలడం ఇష్టం లేదు కదా, ముఖ్యంగా ఎవరైనా పిలిచినప్పుడు.”

“నీకంటే నేనే ఆలస్యంగా పోతాను. అందాకా ఆ చెక్కకి చెదలు పట్టిపోతుంది.”

ఆమోస్ పట్టీ చుట్టేసి జేబులో వేసుకున్నాడు. వాలు వెంట దిగిపోతుంటే మోకాళ్ళు బాగానే పనిచేస్తున్నట్టు కనబడింది. అది చూశాక ఎనోక్ ఈల ఆగింది. ఆ సాయంత్రం చాలా కాలానికి మళ్ళీ పళ్ళు కొరికాడు. ఎడిత్ విని, ఆశ్చర్యంగా, వేడి పులుసు పెట్టింది.

ఏప్రిల్‌లో మీటింగు. ముసలాళ్ళతో చేరి నున్నటి బంతులు దొర్లించాల్సిన ఆమోస్ ఫాసెట్ ముందు వరసలో కూర్చున్నాడు. గిల్బర్ట్ జట్టు పేర్లు చదవబోతుంటే చెయ్యెత్తాడు.

“నేను మానట్లేదు. కానీ ఈ ఏడు మొదట దిగను. నన్ను పదకొండోవాడిగా వెయ్యి.”

గిల్బర్ట్ ఒకసారి ఆమోస్‌ని చూశాడు, ఒకసారి మేకుల్ని చూశాడు. “మరి మొదట ఎవరు దిగుతారు?”

“ఎనోక్ ఉన్నాడుగా” అన్నాడు ఆమోస్. “ఎంత మంచి ఆటగాడు. దగ్గర నిలబడి కళ్ళారా చూసుకుంటాను.”

అలా మొదటి శనివారం, వానా మంచూ కలిసి మొహాన కొడుతుంటే, ఎనోక్ ఆల్డర్సన్ కొండవాలు మీదికి నడిచాడు. స్టంపుల ముందు నిలబడ్డాడు. ఆనవాయితీ ప్రకారం బ్యాటు నిలువుగా పట్టి, మధ్య స్టంపు ఎక్కడుందో చూపించమని అవతలి అంపైరును అడిగాడు. తెల్లకోటు మెడదాకా గుండీలు బిగించుకుని, కుడిచెయ్యి జేబులో దోపుకుని ఉన్న ఆమోస్, ఒక కన్ను మూసి, చెక్క వంకర చూసే వడ్రంగిలా గురి చూశాడు.

“కాస్త ఇవతలికి” అన్నాడు. “ఇంకొంచెం. ఆ, అక్కడే. ఆ కాలు ఇంక కదపకు.”

ఎనోక్ కాలు తీసి పూర్తిగా పక్కకి పెట్టుకున్నాడు. బ్యాటు గట్టిగా పట్టుకున్నాడు.